మీకు తెలుసా? పైథాన్‌కు కిరాయి ఇల్లు!

కొంచెం దగ్గరికి జరగండి. మెల్లగా చెప్తా!

షాద్‌నగర్ పక్కన ఎలికట్ట అనే ఊరుంది. అక్కడ మైక్రోసాఫ్ట్ భూమి కొన్నదని 2024లో వార్తలొచ్చాయి. ఎంతనుకున్నారు? 48 ఎకరాలు! పత్తికి కాదు, మక్కకు కాదు. డేటా సెంటర్లకు! అంటే నిన్నటి దాకా జొన్న కంకులు ఊగిన నేల మీద రేపు కంప్యూటర్లు వరుసగా నిలబడతాయి. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మీరు రాసిన వెబ్‌సైటు అక్కడే కాపురం పెట్టినా పెట్టొచ్చు!

షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లా కదా అంటున్నారా? ఆగండాగండి! 2016 అక్టోబర్ 11, సరిగ్గా దసరా పండుగ దాకా అది మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లానే! కాగితం మారింది. మట్టి మారలేదు. పాలమూరు మట్టే!

మైక్రోసాఫ్ట్ హైదరాబాద్ డేటా సెంటర్ల ప్రకటన 2022 మార్చిలో వచ్చింది. 15 ఏళ్లలో 15,000 కోట్లు! అంటే ఏటా 1,000 కోట్లు! వేళ్ల మీద చేసే లెక్కే గాని, చేస్తుంటే గుండె ఒక్కసారి ఆగుతుంది!

పాలమూరు నుంచి బొంబాయికి బతుకుదెరువు బస్సు పోయేదని మనందరికీ తెలుసు. మన వెబ్‌సైట్లు కూడా అదే దారి పట్టాయని తెలుసా? అమెజాన్ క్లౌడ్ మన దేశంలో మొదట దిగింది ముంబైలోనే, 2016 జూన్‌లో! నల్గొండ పిల్లగాడు రాసిన సైటును అక్కడ పెడితే, పక్కింటి పిల్ల తెరిచినా సరే, పేజీ బొంబాయి నుంచి రావాల్సిందే! కూలీ పోయిన తోవనే కోడూ పోయింది!

తిరుగు బస్సు ఎప్పుడొచ్చిందో చెప్పనా? 2022 నవంబర్ 22! ఆ రోజు అమెజాన్ హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడి డేటా సెంటర్ల గుంపు, తలుపు తీసింది. ఒక్క తలుపు కూడా కాదు, మూడు! మూడు వేర్వేరు స్థావరాలు! ఒకదాంట్లో కరెంటు పోయినా మిగిలిన రెండు నడుస్తూనే ఉండాలన్నది దాని ఏర్పాటు. పొలానికి మూడు బోర్లున్న రైతు ఎంత నిశ్చింతగా పడుకుంటాడో ఊహించుకోండి!

ఇది వింటే నవ్వుతారు. ఆ హైదరాబాద్ రీజియన్‌కు అమెజాన్ పెట్టిన కోడ్ పేరు ‘ఏపీ సౌత్ 2’! తెలంగాణ వచ్చి ఎనిమిదేళ్లయ్యాక కూడా ఏపీయేనా అని కోపం తెచ్చుకోకండి! అక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు. ఏషియా పసిఫిక్! సౌత్ 1 ఎవరంటే... ఇంకెవరు, ముంబైయే!

ఆ ఒక్క రీజియన్ మీద 2030 నాటికి పెడతామని అమెజాన్ ప్రకటించిన సొమ్మెంతో తెలుసా? 36,300 కోట్ల రూపాయలు! మనమేమో సైటుకు చోటిచ్చే హోస్టింగ్ కిరాయి నెలకు 99 రూపాయల దగ్గర బేరమాడుతుంటాం!

డేటా షాద్‌నగర్‌కు కొత్తగా వస్తోందనుకుంటున్నారా? అయ్యో, కాదు! 1979లోనే ఆకాశం నుంచి దిగింది! ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన బొమ్మలను అందుకునే కేంద్రాన్ని అక్కడే పెట్టారు. మన ఇళ్లలో టీవీ కూడా లేని రోజులు! షాద్‌నగర్ మాత్రం అంతరిక్షం నుంచి డౌన్‌లోడ్ చేసుకుంటోంది!

ఇంత దగ్గరుంటే లాభమేంటి? ఇదిగో! గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ఉరుకుతుంది. ఎంత ఉరికినా అమెరికాలోని వర్జీనియాకు పోయి రావాలంటే తక్కువలో తక్కువ 130 మిల్లీసెకన్లు కావాలి! అది ఒక్క రాకపోకకే! హెచ్‌టీటీపీఎస్ తాళం పెట్టిన సైటు మొదటి పేజీకి అలాంటి రాకపోకలు మామూలుగా మూడు. రెప్ప కొట్టి తెరిచేంత సేపు పేజీ సముద్రంలోనే ఉంటుంది!

అదే సైటు షాద్‌నగర్‌లో ఉంటే? పాలమూరు పట్నం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. పోయి రావడానికి వెలుతురుకు అర మిల్లీసెకను! దారి హైదరాబాద్ మీదుగా చుట్టు తిరిగినా వర్జీనియా దూరం ముందు అది లెక్కలోకే రాదు. నేరుగా కొలిస్తే వర్జీనియా కంటే రెండు వందల రెట్లకు పైగా దగ్గర! హోస్టును ఎంచుకునేటప్పుడు ‘సర్వర్ ఏ ఊర్లో ఉంది?’ అని అడగండి. ధర తర్వాత అడగొచ్చు!

సరే, అంత పెద్ద బంగ్లా నాకెందుకు, ఒక్క గది చాలు అంటారా? అదే షేర్డ్ హోస్టింగ్! మన పిల్లలమర్రి చూశారుగా! మహబూబ్‌నగర్ పక్కనే, 3 ఎకరాలకు పైగా పరుచుకున్న ఒక్క చెట్టు! ఒకప్పుడు కింద ఎన్ని కుటుంబాలు చద్ది మూట విప్పినా నీడ ఒక్కటే. షేర్డ్ సర్వర్ కూడా అంతే. ఒక్క మిషను, దాని కింద వందల సైట్లు!

వందల సైట్లకు ఇంటి నంబరు కూడా ఒక్కటేనని తెలుసా? అవును, ఒకటే ఐపీ అడ్రస్! మరి పోస్టు తప్పుడు ఇంటికి పోదా? పోదు! మీ బ్రౌజర్ ప్రతి ఉత్తరం మీదా సైటు పేరు రాసి పంపుతుంది. ఆ పేరు తప్పకుండా రాయాలన్న రూలు 1997లో వచ్చింది. ఆ చిన్న పంక్తి లేకపోతే 99 రూపాయల హోస్టింగే లేదు!

ఇప్పుడు అసలు గుట్టు! పీహెచ్‌పీ అనే ఇంకో భాషలో రాసిన పేజీ కైకిలికి వచ్చే మనిషి లాంటిది. పిలిస్తే వస్తుంది. పని చేస్తుంది. పోతుంది. పైథాన్ యాప్ అట్లా కాదు, జీతమున్న మనిషి! పని ఉన్నా లేకున్నా 24 గంటలూ ఇంట్లోనే! తిండి పెట్టాల్సిందే! ఆ తిండి పేరే మెమరీ. అందుకే చవక హోస్టులు పీహెచ్‌పీకి ఎదురొచ్చి దండ వేస్తాయి. పైథాన్ పేరెత్తితే మాత్రం గొంతు సవరించుకుంటాయి!

మరి ఎంత తిండి పెడతారు? క్లౌడ్‌లినక్స్ అని ఒకటుంది. షేర్డ్ హోస్టుల్లో చాలా చోట్ల కాపలా అదే. అది ఒక్కో ఇంటికి మామూలుగా గీసే గీత 1 జీబీ! మీ ఫోన్లో దానికి ఎన్నో రెట్లుంది! అవును, సర్వర్‌లో మీ వాటా మీ జేబులో ఉన్నదాని కంటే తక్కువ!

తలుపు దగ్గర కూడా లెక్కే! అదే క్లౌడ్‌లినక్స్ మామూలుగా ఒకేసారి లోపలికి వదిలేది 20 మందిని! 21వ మనిషికి 508 అనే అంకె కనిపిస్తుంది. అంటే ‘నీ వాటా అయిపోయింది’ అని! రిజల్టు రోజు కాలేజీ సైటు ఎందుకు పడుకుంటుందో ఇప్పుడర్థమైందా?

ఇది దుర్మార్గమా? నన్నడిగితే కాదు! ఒక్క బోరు మీద పది ఇళ్లు బతుకుతున్నప్పుడు ఎవడో ఒకడు మోటరు పెట్టి గుంజితే మిగతా 9 ఇళ్లకు చుక్క రాదు. నల్గొండ వాళ్లకు నీళ్ల పంపకం గురించి వేరే చెప్పాలా! ఆ గీత మీ కాళ్లకు సంకెల కాదు. పక్కవాడి మోటరుకు వాల్వు!

‘అన్‌లిమిటెడ్’ అన్న బోర్డు చూశారా? కింద చిన్న అక్షరాలు చదవండి! కొన్ని పెద్ద కంపెనీల నిబంధనల్లో 2,50,000 ఫైళ్లు దాటొద్దని ఉంటుంది! సైజు ఎంతైనా పర్వాలేదట, లెక్క మాత్రం దాటొద్దట! పైథాన్ సంగతి తెలుసుగా, వెబ్‌సైట్లు కట్టే సాధనం జాంగో ఒక్కటి దించితేనే వేల ఫైళ్లు కుప్పపోస్తుంది. అంబలి ఎంతైనా తాగు, గిన్నెలు మాత్రం లెక్కపెట్టి ఇస్తానన్నట్టుంది!

నెలకు 99 రూపాయలే అంటారు. లోపలికి పోతే ‘36 నెలలది ఒకేసారి కడితేనే’ అంటారు! మీద 18 శాతం జీఎస్టీ! వేసి చూడండి. బిల్లు 4,205 రూపాయలు దాటింది! 99 ఎక్కడ, 4,205 ఎక్కడ! మూడేళ్ల తర్వాత కిరాయి ఎంతో ముందే అడిగి రాయించుకోండి. ఇంటి ఓనర్‌తో అయితే ఆ మాట అడగకుండా సామాను దింపుతామా!

తాళం ఖర్చు వేరే అంటే మాత్రం లేచి వచ్చేయండి! కొన్ని బ్రౌజర్లలో సైటు పేరు పక్కన కనిపించే తాళానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుంచి ఫ్రీగా ఇస్తోంది! గడువు మామూలుగా 90 రోజులు. దానంతటదే మళ్లీ కొత్తది వచ్చేలా పెట్టుకోవచ్చు. ఊరికే వచ్చే తాళానికి డబ్బులడిగే ఓనర్ దగ్గర ఉంటామా?

99.9 శాతం నడుస్తుంది అన్న మాట ఎంత బాగుంది కదూ! కూడి చూశారా ఎప్పుడైనా? నెలకు 43 నిమిషాలు ఆగినా వాళ్ల మాట నిలబడినట్టే! ఎండాకాలం కరెంటు కోతతో పోలిస్తే అమృతమే అనుకోండి!

‘మా దగ్గర పైథాన్ ఉంది’ అన్నారని నేనొకసారి నమ్మాను. కంపెనీ పేరు చెప్పను లెండి. డబ్బు కట్టి లోపలికి వెళ్లి చూస్తే ఉన్నది పైథాన్ 2.7! చూరు కింద నుంచి ఆకాశం కనిపించే ఇల్లు! దానికి 2020 జనవరి 1 నుంచే మరమ్మతులు ఆగిపోయాయి. ‘పైథాన్ ఉందా’ అని అడగకూడదు. ‘ఎన్నో పైథాన్’ అని అడగాలి!

పైథాన్‌కు ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కో వెర్షన్ ఆయుష్షు 5 ఏళ్లే! ఆ తర్వాత దానికి దొంగ తలుపు దొరికినా మూసేవాళ్లు ఉండరు. మీ హోస్టు ఇచ్చే వెర్షన్ ఏ అక్టోబర్‌లో పుట్టిందో చూసి ఐదు కలపండి. అదే దాని జాతకం!

కొందరి దగ్గర పైథాన్ పాత పద్ధతిలో నడుస్తుంది. ఆ పద్ధతి పేరు సీజీఐ. ప్రతి పేజీకీ పైథాన్‌ను కొత్తగా నిద్ర లేపాలి! ఒక్కో చుట్టానికి ఒక్కోసారి పొయ్యి ముట్టించినట్టు! ఎంత పాతబడిందంటే, 3.13 వెర్షన్‌లో పైథాన్ వాళ్లే ఆ మాడ్యూల్‌ను పీకి బయట పారేశారు!

మరి కొత్త పద్ధతి? దాని పేరు ఇంగ్లీషులో నాలుగక్షరాలు. చాలామంది పలికేది ‘విస్గీ’! విన్నవాళ్లు ఇంకేదో అనుకుంటారు! 2003లో రాసిన ఒప్పందం అది. సర్వర్‌కూ పైథాన్‌కూ మధ్య కిరాయి పత్రం లాంటిది. ఇది ఉన్న హోస్టులో జాంగో ఉంటుంది, దాని లాంటి ఇంకో సాధనం ఫ్లాస్క్ ఉంటుంది. ఎవరి వంట వాళ్లది, గ్యాస్ పైపు ఒక్కటే!

ఫ్లాస్క్ అన్నాను కదా! దాని విత్తనం ఏ రోజు పడిందో ఊహించండి. 2010 ఏప్రిల్ 1! నిజంగానే ఏప్రిల్ ఫూల్ వేళాకోళంగా మొదలైంది! ఆస్ట్రియా కుర్రాడు ఆర్మిన్ రోనాకర్ ఆట పట్టించడానికి చేసిన పని నుంచి పుట్టినదాన్ని ఇవాళ ప్రపంచమంతా సీరియస్‌గా వాడుతోంది!

జాంగో పుట్టిందేమో ఒక పేపరాఫీసులో! అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, లారెన్స్ అనే చిన్న ఊరు, అక్కడి స్థానిక దినపత్రిక! 2003లో ఇద్దరు కుర్రాళ్లు వార్తల హడావుడి తట్టుకోలేక రాసుకున్న సాధనం. పేరు మాత్రం ఒక గిటారు వాద్యకారుడిది!

ఆ ఊరి గడియారం ఇంకా జాంగో కడుపులోనే టిక్కుటిక్కుమంటోంది తెలుసా? మీరు ఏ టైమూ చెప్పకపోతే జాంగో లోపలి సెట్టింగ్ ‘అమెరికా, చికాగో’! లారెన్స్ ఊరు నడిచేది ఆ టైము మీదే! చలికాలంలో మనకూ దానికీ తేడా 11 గంటల 30 నిమిషాలు! మన మధ్యాహ్నం భోజనం దానికి నడిరాత్రి!

సర్వర్ గోడ గడియారం ఇంకోటి! అది మామూలుగా ప్రపంచ సమయం మీద నడుస్తుంది. మన కంటే 5 గంటల 30 నిమిషాలు వెనక! రాత్రి 12కి జరగాలని పెట్టిన పని పొద్దున కోడి కూసే వేళకు జరుగుతుంది! ‘హోస్టు మోసం చేసింది’ అని కోప్పడకండి. గడియారం చూసుకోండి!

చాలా షేర్డ్ హోస్టుల్లో పైథాన్ యాప్‌ను మళ్లీ మొదలుపెట్టాలంటే ఏం చేయాలో తెలుసా? పాసెంజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట, టీఎంపీ అనే ఫోల్డర్‌లో ‘రీస్టార్ట్ డాట్ టీఎక్స్‌టీ’ అనే పేరుతో ఒక ఫైలు పెడితే చాలు! అందులో ఏం రాయాలి? ఏమీ రాయొద్దు! సున్నా అక్షరాలు! ఖాళీ కాగితం చూపిస్తే ఇల్లంతా లేచి కూర్చుంటుంది!

ఫ్రీ హోస్టింగ్ మీద మనసు లాగుతోందా? రెండర్ అనే కంపెనీ ఫ్రీ గదిలో ఒక తమాషా ఉంది. 15 నిమిషాలు ఎవరూ తలుపు తట్టకపోతే సైటు నిద్రపోతుంది! తర్వాత వచ్చిన మొదటి మనిషి నిమిషం దాకా గుమ్మంలోనే నిలబడాలి! ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మీ ప్రాజెక్టు లింకు ఇచ్చి కూర్చున్నారనుకోండి... ఆ నిమిషం ఎంత పొడుగో!

హెరోకూ అనే ఇంకో హోస్టు కథ ఇంకా విచిత్రం! అక్కడ యాప్ రోజుకోసారి, అంటే 24 గంటలకు దానంతటదే లేచి మళ్లీ మొదలవుతుంది. అప్పటి దాకా డిస్కు మీద మీరు దాచిన ఫైళ్లన్నీ మాయం! వాకిట్లో ముగ్గు లాంటిదే. ఎంత బాగా వేసినా రేపటికి ఉండదు! ఫొటోలు, డేటాబేసు వేరేచోట దాచుకోవాల్సిందే!

అదే హెరోకూ ఒకప్పుడు ఎంతో మంది విద్యార్థులకు ఫ్రీ అడ్డా. ఆ ఫ్రీ గదులు ఎప్పుడు మూతపడ్డాయో తెలుసా? 2022 నవంబర్ 28న! ఇందాకటి తేదీ గుర్తుందా? హైదరాబాద్ రీజియన్ తలుపు తెరిచి అప్పటికి 6 రోజులే! ఒకచోట ధర్మసత్రం మూశారు. ఇంకోచోట, మన గడప పక్కనే, కొత్త బజారు తెరిచారు!

ఇంకో గమ్మత్తు! హెరోకూ కూడా సొంతింట్లో లేదు. అది నడిచేది అమెజాన్ మిషన్ల మీద! పైథాన్‌ఎనీవేర్ అనే హోస్టు కూడా అంతే! మీ ఓనర్ కూడా కిరాయిదారే! పైథాన్‌ఎనీవేర్‌కు ఉన్నవి రెండే ఊర్లు. ఒకటి అమెరికాలో వర్జీనియా, రెండోది జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్. పాలమూరు నుంచి చూస్తే రెండూ ఏడు సముద్రాల అవతలే! నేర్చుకునే పిల్లలకు మాత్రం బంగారం లాంటి చోటు. అది మటుకు ఒప్పుకోవాలి!

పైథాన్‌ఎనీవేర్‌ను 2022లో కొన్న కంపెనీ పేరేంటో చెప్తే నమ్మరు. అనకొండ! అవును! కొండచిలువను అనకొండ మింగింది!

పోనీ, పైథాన్ అనే పేరు కొండచిలువ నుంచి వచ్చిందా? రాలేదు! 1969లో బీబీసీలో మొదలైన నవ్వుల కార్యక్రమం ‘మాంటీ పైథాన్’ నుంచి వచ్చింది! పైథాన్‌ను తయారుచేసిన గైడో వాన్ రోసమ్‌కు అదంటే ఇష్టం. పాము బొమ్మ తర్వాత దానంతటదే వచ్చి చుట్టుకుంది!

పైథానూ వెబ్‌సైటూ ఒకే ఈడువని తెలుసా? పైథాన్ బయటికొచ్చింది 1991 ఫిబ్రవరిలో. ప్రపంచంలో మొదటి వెబ్‌సైటును జనానికి చూపించింది అదే ఏడు ఆగస్టులో! ఆరు నెలలే తేడా! ఆ మొదటి సర్వర్ మీద ఎర్ర సిరాతో ఒక చీటీ అంటించారు. ఇది సర్వర్, ఆపొద్దు అని! ప్రపంచంలో మొదటి హోస్టింగ్ గ్యారంటీ ఆ చీటీయే!

చిన్న మిషను సరిపోతుందా అని భయమా? ఇన్‌స్టాగ్రామ్ 2010లో మొదలైంది జాంగో మీదే, ఒకే ఒక్క సర్వర్ మీద! మొదటి రోజే 25,000 మంది ఎగబడ్డారు! ఆ తాకిడిలో దొరికిన మొదటి దొంగ ఎవరో తెలుసా? బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే బుల్లి బొమ్మ! దాన్ని పెట్టడం మరిచిపోయారు. వచ్చిన ప్రతివాళ్ల బ్రౌజరూ దాన్నే అడిగింది. లేదు, లేదు అని చెప్పలేక సర్వర్ అలసిపోయింది!

డేటాబేసుకు వేరే కిరాయి కడుతున్నారా? చిన్న సైటుకు అవసరమే లేదు! పైథాన్ కొంగు ముడిలో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు ముందే ఉంది! దాన్ని రాసినవాళ్లు 2050 దాకా చూసుకుంటామని అనుకున్నారు! మన ఇంటి పైకప్పుకు కూడా అంత గ్యారంటీ లేదు! ముగ్గులా చెరిగిపోయే డిస్కు మీద మాత్రం పెట్టకండి, ఇందాకే చెప్పాను.

వికీపీడియాకు పని చేసేవాళ్లకు అసలు కిరాయే లేదని ఎంతమందికి తెలుసు? టూల్‌ఫోర్జ్ అని ఒక చోటుంది. అక్కడ పైథాన్ యాప్‌కు ఖర్చు 0 రూపాయలు! ముఖ్యమైన షరతు ఇది. ఆ యాప్ వికీ పనికి పనికిరావాలి. తెలుగు వికీపీడియాలో రాసే నల్గొండ టీచరమ్మకు కూడా ఆ గది దొరుకుతుంది!

ఇప్పుడు మన భాష సంగతి! ‘తెలుగు’ అనే మాటలో ఎన్ని అక్షరాలు? మూడు అంటారు మీరు. పైథాన్‌ను అడగండి. 6 అంటుంది! త వేరు, ఎత్వం వేరు, ల వేరు, కొమ్ము వేరు! మన ఒకటో తరగతి పంతులు గుణింతం విప్పి చెప్పినట్టే విప్పుతుంది!

హోస్టులో ఆ మాట పట్టే చోటు ఇంకా ఎక్కువ. ఒక్కో గుర్తుకు 3 బైట్లు! ఇక్కడే ఒక అదృష్టం దాగుంది. పాత మైసీక్వెల్ డేటాబేసుల్లో యూటీఎఫ్8 అనే పేరుతో ఉన్నదానికి పట్టేది సరిగ్గా మూడు బైట్లే! అంచు మీద నడిచి మన తెలుగు బతికిపోయింది! నాలుగు బైట్ల ఎమోజీ వచ్చిందో, గుమ్మంలోనే బోర్లా పడుతుంది! పద్యం పడుతుంది గాని నవ్వు ముఖం పట్టదు!

సైటు పేరు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు! డాట్ కామ్ లాగా చివర ‘.భారత్’ అని తెలుగు లిపిలోనే! కానీ తెర వెనక యంత్రాలు దాన్ని ఎట్లా చదువుతాయో చూస్తే నోరు తెరుస్తారు. 13 ఇంగ్లీషు గుర్తుల తిక్క మాట! ఆ తిక్కను మళ్లీ తెలుగు చేసే విద్య పైథాన్‌లో ముందే ఉంది. ఏదీ కొనక్కర్లేదు, ఏదీ దించుకోనక్కర్లేదు!

జాంగోకు తెలుగు వచ్చు! నిజంగా! సెట్టింగ్స్‌లో భాష ఉన్నచోట ‘టీ, ఈ’ అనే 2 ఇంగ్లీషు అక్షరాలు పెట్టండి. అడ్మిన్ పేజీ తెలుగు మాట్లాడటం మొదలుపెడుతుంది! కొన్నిచోట్ల ఇంగ్లీషు కలుస్తుంది లెండి. మనం మాత్రం కలపకుండా మాట్లాడుతున్నామా?

తాతల కాలం నాటి తెలుగు అంకెలు గుర్తున్నాయా? పైథాన్‌కు గుర్తున్నాయి! ౨౦౨౨ అని తెలుగు అంకెల్లో రాసి, సంఖ్యగా చదవమని అడగండి. టక్కున 2022 అంటుంది! మన పిల్లల్లో ఎంతమంది చెప్తారు?

మళ్లీ పాలమూరుకొద్దాం. దివిటిపల్లి పేరు విన్నారా? మహబూబ్‌నగర్ ఐటీ టవర్ అక్కడే లేచింది, 2023లో! నల్గొండలో ఐటీ హబ్ తెరిచిందీ అదే ఏడు! ఎలికట్టలో ఇల్లు, దివిటిపల్లిలో పని! బొంబాయి బస్సులో సీట్లు ఖాళీ అవుతాయేమో!

చివరిది, ఎవరికీ చెప్పకండి! పైథాన్‌లో మన ఊరి పేరునే వేరియబుల్‌గా పెట్టుకోవచ్చు, అచ్చ తెలుగులో! అయితే ‘మహబూబ్‌నగర్’ అని రాసి చూడండి. తిట్టి పంపిస్తుంది! ఎందుకంటే బకు నకు మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి కూర్చుని ఉంటుంది! రెండూ ఒత్తుగా కలిసిపోకుండా కీబోర్డు వేసే గుర్తు. కనబడదు గాని 3 బైట్లు తింటుంది! ఇప్పుడు దాన్ని కొట్టేసి ‘పాలమూరు’ అని రాయండి. కిక్కురుమనదు. నడుస్తుంది!